దావీదు పేరుకు లేచిన సారయ్య

ఎల్లస్వామి సొంత అన్నేనా? తోడబుట్టినవాడి నోట రావలసిన మాటేనా అది... "వాడు భాగోతంల రంగు పూసుకున్ననాడు చెలకల వానికి పాలు లేదు. నలుగుర్ల నా ఇజ్జత్ పోతది" అన్నాడు, తమ్ముడు పోశయ్య ఎదుటే, తమ్ముడు చెవిటివాడైనట్టు.

పోశయ్య చెవిటివాడు కాదు. డెబ్బై ఒకటి యుద్ధం నుంచి వచ్చి రెండేళ్లయింది. కేసముద్రం దావీదూ ఆయనా కలిసే పటాలంలో చేరారు, ఒకే గుంతలో ఉండి కాల్చారు. దావీదు ఒరిగిపోయిన ఘడియలోనే ముందుకు కదలమని హుకుం వచ్చింది. పోశయ్య కదిలాడు. వెనక్కి తిరిగి స్నేహితుణ్ణి ఒక్క పిలుపైనా పిలవలేకపోయాడు... అప్పటి నుంచి నిద్ర లేదు, మాట లేదు. తలుపు చప్పుడైతే గడ్డివాము వెనక నక్కే మొగుణ్ణి చూసి మల్లక్క ఎంత ఏడ్చిందో ఆమె కొంగుకే తెలుసు.

ఊళ్లో భాగోతం మేళం దిగింది. పోశయ్య రోజూ అక్కడికి పోయి కూర్చోవడం చూసే ఎల్లస్వామి ఆ మాట అన్నాడు. మేళం నడిపే సారయ్య మల్లక్క ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

"చెల్లే, మీ ఆయన మా మద్దెల కాడ నిమ్మళంగ కూసుంటాండు. ఒక భటుని వేషం కట్టిస్త. మాటలుండయి."

"అందరు నవ్వుతరేమో అన్నా."

"నవ్వనీ. నా వంకర ముక్కు చూసి రోజూ నవ్వుతనే ఉన్నరు గద."

ఎన్నాళ్లకో మల్లక్క నవ్వింది. ఆ వెంటనే చెలక గుర్తొచ్చింది. ఆ మెట్ట భూమి పోతే కూలి బతుకే... మొగుడి వైపు చూసింది. "పోతవా అయ్యా?" పోశయ్య తలూపాడు. ఆమెకు అది చాలు.

మేళానికొక కట్టుబాటుంది. ఆటలో చచ్చిన వేషాన్ని, రంగు కడగకముందే, పక్కన నిలిచిన భటుడు, అది కట్టినవాడి సొంత పేరు పెట్టి పిలిచి లేపాలి. లేపకుంటే ఆ మనిషికి కీడు.

ఆట ముగిసేసరికి తెల్లవారింది. చచ్చిన రాజు వేషంలో సారయ్య కత్తి పక్కన పడి ఉన్నాడు, భటుడి రంగుతో పోశయ్య దగ్గర నిలిచాడు. "పిలువు తమ్మీ" అన్నాడు మద్దెలాయన.

పోశయ్య వంగాడు. "దావీదూ... లేవరా. నన్ను పొమ్మన్నరు రా... పిలిచే సందియ్యలే. జర లేవరా..."

ఎవరో కిసుక్కుమన్నారు. మల్లక్క నోట కొంగు కుక్కుకుంది. సారయ్య ఆ పేరు తనది కాదనలేదు. మెల్లగా లేచి పోశయ్య భుజం పట్టుకున్నాడు.

"లేచిన తమ్మీ. పిలిచినవు గద. ఇగ ఇంటికి పో."

పోశయ్య ఆయన మెడ మీద వాలి పసివాడిలా ఏడ్చాడు.

ఇంటి దగ్గర మల్లక్క రంగు కడుగుతుంటే, "బువ్వున్నదా?" అన్నాడు. తిన్నాడు. తలుపు బార్లా తెరిచి ఉండగానే నిద్రపోయాడు.

పొద్దెక్కాక ఎల్లస్వామి చెలక పంచాయితీకి పెద్దమనుషులను వెంటేసుకొచ్చాడు. మల్లక్క గడప దాటి ఎదురెళ్లింది.

"మెల్లగ మాట్లాడు బావా, పండుకున్నడు. చెలక నువ్వే దున్నుకో."

నెక్కొండ పోయే తొవ్వలో, వాళ్ల వాటాకొచ్చిన ఎకరం పద్నాలుగు గుంటలు.