సూదిరాయి దీపం

మౌనదీపం అద్దాలకు పట్టిన ఉప్పుపొరను ఎర్రమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. దీపం వెలుగుతూనే ఉంది. ఆ సంగతి చేతికి తగిలే వేడివల్లే తెలుస్తుంది. అది మనుషుల్లేకుండా నడిచే నిర్జననౌకలకు తప్ప మనిషి కంటికి ఆనని వెలుగు. ఇంకా సాయంత్రమే అయినా, వాయుగుండం మబ్బు నీటిమీదికి దిగి రేవు వాకిలి మసకబారింది.

ఈ దీపస్తంభాన్ని కట్టింది మనుషుల కోసమే. వాకిట్లో నీటికింద దాగిన సూదిరాయి ఒక ప్రయాణికుల స్టీమరును చీల్చేశాక, ఆ రాయిమీదే పునాది వేసి లేపారు. మొదట కిరసనాయిలు, తర్వాత కరెంటు. ఎన్ని తరాల జాలర్లో ఆ తెల్లదీపాన్ని చూసుకుని ఇల్లు చేరారు. నిర్జననౌకలొచ్చాక, తెల్లవెలుగు వాటి చూపును చెదరగొడుతోందని దాన్ని ఆర్పేశారు. పడవలను వేటకు వెళ్లొద్దన్నారు. ఒడ్డున తిండి దొరకనివాళ్లు వెళుతూనే ఉన్నారు. వాళ్ల పడవల చెక్కలు అప్పుడప్పుడూ స్తంభం మెట్లకు కొట్టుకొస్తాయి. వాటిని ఏరి పక్కన పడేయడం కూడా ఎర్రమ్మ పనే.

"బాబాయ్, ఇటు సూడు," అంది.

పాత మెకానిక్కు కోదండం ఓడల జాడ చూపే తెర దగ్గరికొచ్చాడు. నిర్జననౌకల్లో ఒకటైన నీళ్ల ఓడ వాకిలివైపు వస్తోంది. దాని దారిలో ఒక చుక్క. పక్కన అక్షరాలు: తేలుసరుకు. ఉపేక్షించు. నీటిమీద తేలే చెత్తకు రేవువాళ్లు పెట్టిన పేరది.

ఎర్రమ్మ దుర్భిణి ఎత్తింది. ఇంజను చచ్చిన పడవ. ఒక ఆడమనిషి డబ్బాతో నీళ్లు తోడి పోస్తోంది. మగవాళ్లు దిక్కు తెలియక ఓడకు ఎదురుగానే తెడ్లు వేస్తున్నారు.

ఎర్రమ్మ రేడియో అందుకుంది. రేవుకేంద్రం నుంచి శేషగిరి అనే అధికారి పలికాడు.

"సారూ, నీళ్లోడకి పడవ అడ్డొచ్చింది. మనుసులున్నారు. ఓడనాపండి."

"నా తెరమీద మనుషులెవరూ లేరమ్మా."

"నా కళ్లెదురుగా ఉన్నారు బాబూ."

"తేలుసరుకు కోసం ఓడనాపే అధికారం నాకు లేదు. పైకి రాస్తాను. రేపు జవాబొస్తుంది."

ఎర్రమ్మ కోదండం ముఖంలోకి చూసింది. ఆమె ఏమడగబోతోందో ఆయనకు తెలుసు.

"తెల్లదీపం ఎలిగిత్తే ఓడలన్నీ గుడ్డివైపోతాయి. ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తరవాత మనల్ని ఒగ్గరే అమ్మా."

"ఆగితే సాలు."

ఆయన మెట్లు దిగి కింది గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆపలేదు, సాయం పట్టలేదు.

ఎర్రమ్మ పైఅంతస్తుకు ఎక్కి పాత దీపంమీది టార్పాలిన్ లాగేసింది. రెండు దీపాలకు చాలే కరెంటు స్తంభంలో లేదు. మౌనదీపం తీగను ఊడబెరికి దీనికి కలిపింది. తెల్లటి వెలుగు వానను చీల్చుకుంటూ నీటిమీద పడింది.

పడవలోవాళ్లు తలలెత్తారు. సూదిరాయి మీది స్తంభం కనిపించింది, వాకిలి కనిపించింది. పడవ పక్కకు తిరిగింది. ఓడ ఇంజన్లు ఆగినా బరువుకు ముందుకు జారుతూనే వచ్చింది. దాని అల తాకిడికి తెడ్డు వేస్తున్న ఒకడు ఎగిరి నీళ్లలో పడ్డాడు, మళ్లీ పైకి తేలలేదు. ఆడమనిషి అటే చూస్తూ నీళ్లు తోడుతూనే ఉంది.

"ఎర్రమ్మా, ఏం చేశావు? అఖాతంలో ఓడలన్నీ ఆగిపోయాయి." శేషగిరి రేడియోలో అరిచాడు. "రేపు నగరం తాగే నీళ్లు ఆ ఓడలోనే ఉన్నాయి. వెంటనే ఆర్పెయ్."

ఆమె చెల్లెలి పిల్లలుండేది ఆ నగరంలోనే. దీపం ఆర్పే మీటమీద చెయ్యి వేసింది. పడవ వాకిలి దాటేదాకా ఆగుదామనుకుంది. దాటింది.

అప్పుడు వెలుగు అంచున ఒక తెరచాప కదిలింది. దాని వెనక ఇంకొకటి. ఆగిపోయిన ఓడల సందుల్లోంచి, ఏ తెరమీదా ఎన్నడూ చుక్కగా కూడా పడని పడవలు దీపంవైపు తిరుగుతున్నాయి. ఆ మాట ఆమె రేడియోలో చెప్పింది.

"ఎంతసేపు వెలిగిస్తావ్? ఇంకా ఎన్ని పడవలున్నాయక్కడ?" అన్నాడు శేషగిరి.

ఎర్రమ్మ మీటమీది చెయ్యి తీసేసింది.

"తెలీదు సారూ. వస్తూనే ఉన్నాయి."