షెడ్డులో అరవై ఏడు కంప్యూటర్లు

శనివారం పొద్దున ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు తన ఇంటి వెనక షెడ్డులో నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు. బుధవారం ఉదయం గూఢచారి డిపార్ట్‌మెంటు పెద్దాయన ఆ కేసు ఫైలును టేబుల్ మీద ముందుకు తోసి, "ఇది హత్య" అన్నాడు.

ఎదుటి కుర్చీలో ఉన్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ 'రిపేరు' అంటారు. వాళ్ల నాన్నకు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. చిన్నప్పుడే సోల్డరింగ్ గన్ పట్టినవాడు కాబట్టి పాత మిషన్ ఏది వచ్చినా అతని బల్ల మీదకే చేరేది. ఫీల్డుకు వెళ్లి తొమ్మిదేళ్లయింది. చివరిసారి వెళ్లినప్పుడు తనతో మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో తుపాకీ గుండు తగిలి తన భుజం మీదకే ఒరిగిపోయాడు. అప్పటి నుంచి రిపేరు వెనక ఎవరైనా కుర్చీ గట్టిగా జరిపినా ఉలిక్కిపడేవాడు.

పెద్దాయన విషయం క్లుప్తంగా చెప్పాడు. మాస్టారుకు పాత కంప్యూటర్లంటే ప్రాణం. ఆఫీసులు పారేసిన వాటిని పాతసామాన్ల కొట్లలోంచి ఏరి తెచ్చి, తుడిచి, బాగుచేసి, మళ్లీ వెలిగించేవాడు. కిందటి నెల తెచ్చిన వాటిలో ఒకటి డిపార్ట్‌మెంటుదే. ముప్పై ఏళ్ల క్రితం మూసేసిన సరిహద్దు ఆఫీసుది. దాన్ని ఎవరు పారేశారో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోవడం లేదు. దాని డిస్క్‌లో, అవతలి దేశంలో మనకోసం పనిచేసినవాళ్ల జాబితా ఉంది. వాళ్లలో నలభై ఒక్కమంది ఇంకా బతికే ఉన్నారు. మాస్టారు దాన్ని చూసి, భయపడి, డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ సంగతి ఎలాగో అవతలి దేశపు గూఢచారి ముఠాకు తెలిసిపోయింది.

"ఈరోజు నాలుగింటికి మ్యూజియం పేరుతో వాళ్ల ట్రక్కు వస్తుంది. మాస్టారు భార్య సామానంతా మ్యూజియానికి ఇచ్చేస్తానంది. నువ్వు పాత కంప్యూటర్ల క్లబ్బు మనిషిగా వెళ్లి, ప్యాకింగ్‌కి సాయం చేస్తున్నట్టు ఆ డిస్క్ తీసుకురా."

"మనమే వెళ్లి అంతా స్వాధీనం చేసుకోవచ్చుగా, సార్?"

"చేసుకుంటే జాబితా నిజమేనని వాళ్లకి చెప్పినట్టే. పైగా వాళ్లతో వచ్చేది మన మనిషి. కోడ్ నేమ్ నెమలి. రెండేళ్లుగా ఆ ముఠాలో ఉంది. సోమవారమే ఈ ఊళ్లో దిగింది. 'దీని ఫ్యాన్ బాగా చప్పుడు చేస్తుందా' అని అడుగుతుంది. 'వేసవిలోనే' అను."

ఆ తర్వాత ఒక స్క్రూడ్రైవర్ చేతికిచ్చాడు. దాని పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. పిడిని ఎడమకు తిప్పితే మనుషులు నలభై నిమిషాల్లో వస్తారట. అంతసేపెందుకని రిపేరు అడిగాడు. దగ్గర్లో ఉంటే పసిగడతారని పెద్దాయన జవాబిచ్చి, కాస్త ఆగి, ట్రాఫిక్ కూడా ఉంటుందన్నాడు.

రెండింటికి రిపేరు ఆ ఇంటి తలుపు తట్టాడు. మాస్టారు భార్య తీసింది. బక్కపలచని మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాత కంప్యూటర్ల క్లబ్బు నుంచి వచ్చానని అతను చెప్పగానే షెడ్డులోకి తీసుకెళ్లి లైటు వేసింది.

రిపేరు గుమ్మంలోనే ఆగిపోయాడు. నేల నుంచి కప్పు దాకా అరల్లో అరవై ఏడు యంత్రాలు ఉన్నాయి. పసుపు తిరిగిన ప్లాస్టిక్ పెట్టెలు, ఉబ్బిన గాజు తెరలు, మడిచి కట్టిన వైర్లు. ఒక్కదాని మీదా దుమ్ము లేదు. ప్రతిదానికీ చిన్న చీటీ ఉంది, ఎక్కడ దొరికిందో, ఏ భాగం మార్చాడో గుండ్రటి అక్షరాలతో. 'వానలో తడిసి దొరికింది. నాలుగు నెలలకి మాట్లాడింది' అని ఒకదాని మీద ఉంది. ఈ మనిషి బతికుంటే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం కదా అనుకున్నాడు రిపేరు.

సరిహద్దు ఆఫీసు యంత్రం కింది అరలో కనిపించింది. మూత తీశాడు. డిస్క్ ఉండాల్సిన చోట ఖాళీ గూడు.

మాస్టారు తీసి ఎక్కడో దాచాడన్నమాట. మిగతా యంత్రాలు అరవై ఆరు, చేతిలో ఉన్నవి రెండు గంటలు. ఒక్కొక్కటే దించి చూడటం మొదలుపెట్టాడు. మూతలు తీసి లోపల వెతకడానికి టైం చాలదని మూడోదానికే అర్థమైంది. అందుకని స్క్రూలు చూడసాగాడు. మాస్టారు ఏ మిషన్‌కు ఆ మిషన్ కాలం స్క్రూలే వాడేవాడు. తుప్పు పట్టినదాన్ని తుడిచి మళ్లీ అదే బిగించేవాడు. అలాంటి మనిషి కంగారులో ఉంటే తప్ప పొరపాటు చేయడు.

మూడుంపావుకు మాస్టారు భార్య మంచినీళ్లు తెచ్చింది. మ్యూజియం ఆవిడ చాలా మర్యాదస్తురాలని చెప్పుకొచ్చింది. ఆ శనివారం కూడా వచ్చిందట. తను బజారుకు వెళ్తుంటే ఎదురైందట. ఆయనతో మాట్లాడుతూ ఉండిపోయిందట. తను తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు, ఆయన నిచ్చెన కింద పడున్నాడు.

"శనివారమా? సోమవారం కాదూ?"

"శనివారమే బాబూ. ఆ రోజు మర్చిపోతానా నేను?"

రిపేరు గ్లాసు కింద పెట్టబోయి నీళ్లు చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. నెమలి సోమవారం దిగానని డిపార్ట్‌మెంటుకు చెప్పింది. శనివారం ఈ షెడ్డులో ఉంది. రెండేళ్లుగా ముఠాలో ఉన్న మన మనిషి ఇప్పుడు ఎవరి మనిషో చెప్పడానికి ఇంకేం కావాలి? అతను స్క్రూడ్రైవర్ పిడి ఎడమకు తిప్పాడు. వాచీ చూసుకున్నాడు. మూడూ పద్దెనిమిది. మనవాళ్లు వచ్చేసరికి నాలుగవుతుంది.

"పిన్నిగారూ, మీవారు పడలేదు" అన్నాడు. ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

"ఆయనకి నిచ్చెనంటే భయం. పై అరలో సామాను ఎప్పుడూ నేనే దించేదాన్ని. పోలీసులకి చెప్పాను. రాసుకోలేదు" అంది ఆవిడ. పక్కింటికి వెళ్లిపొమ్మని రిపేరు బతిమాలాడు. ఆవిడ వెళ్లలేదు. మూల ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

యాభై రెండో యంత్రం అడుగున మూడు స్క్రూలు నల్లబడి ఉన్నాయి. నాలుగోది తళతళలాడుతోంది. రిపేరు దాన్ని విప్పాడు. లోపల ఉన్న డిస్క్ మీద సరిహద్దు ఆఫీసు ముద్ర ఉంది.

అప్పుడే బయట ట్రక్కు ఆగింది. ఇంకా మూడున్నరే అయింది.

ఆమె షెడ్డులోకి వచ్చేసరికి అత్తరు వాసన ముందొచ్చింది. పొడవాటి మనిషి, బూడిదరంగు పట్టు సూటు, ఎర్రటి పెదాలు. డ్రైవర్‌ను బయటే ఉండమని చెప్పి షట్టర్ సగం దించింది. ఒక యంత్రం మీద చెయ్యేసి నిమురుతూ, "దీని ఫ్యాన్ బాగా చప్పుడు చేస్తుందా?" అంది.

"వేసవిలోనే" అన్నాడు రిపేరు.

దొరికిందా అని ఆమె అడిగింది. ఇంకా వెతుకుతున్నానన్నాడు. ఆమె బల్ల మీద విప్పి పెట్టిన స్క్రూలు చూసింది, తెరిచి ఉన్న పెట్టె చూసింది, అతని తడిసిన చొక్కా చూసింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది.

"నీకు అబద్ధం చెప్పడం రాదు" అంది మెత్తగా. "శనివారం ఆ ముసలాయన నాకు ఖాళీ డిస్క్ అంటగట్టాడు. ఈసారి చూశాకే తీసుకుంటా. ఆన్ చెయ్యి."

పిస్తోలు నోరు రిపేరు భుజానికి జానెడు దూరంలో ఉంది. ఒకప్పుడు ఒక తల ఒరిగింది ఆ భుజం మీదే. వైర్లు తగిలించడానికి వీలైనంతసేపు తీసుకున్నాడు. ఒకటి తప్పుగా పెట్టి మళ్లీ తీశాడు. ఆమె పిస్తోలును మాస్టారు భార్య వైపు తిప్పింది. వెంటనే సరిగ్గా పెట్టాడు.

యంత్రం గురగురమంది. డిస్క్ ఒక్కసారి కీచుమని తిరగడం మొదలుపెట్టింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వరస కట్టాయి. జాబితా తెరవమని ఆమె చెప్పింది. అతను తెరిచాడు. ఊళ్లు, పేర్లు, మారుపేర్లు. వాచీలో మూడూ నలభై ఆరు.

ఫోటో తీస్తే చాలు, అది అక్కడికక్కడే అవతలి దేశానికి వెళ్లిపోతుందని ఆమె చెప్పింది. ఎడమచేత్తో ఫోను ఎత్తింది. రిపేరు యంత్రానికి ఆనుకుని నిలబడ్డాడు. అతని వేళ్లు దాని వెనక్కి పాకాయి. ఆ కాలం పెట్టెలకు వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. మన కరెంటులో సగం వోల్టేజీతో నడిచే దేశాల కోసం పెట్టింది. మన కరెంటు మీద నడుస్తుండగా దాన్ని అటు జరిపితే ఏమవుతుందో నాన్న ఒకసారి చెంప మీద కొట్టి మరీ నేర్పాడు. డిస్క్ మిగులుతుందో లేదో తెలియదు. ఆ పేర్లు పోయినా ఫరవాలేదు, బయటికి పోకూడదు.

ఆమె బొటనవేలు ఫోను మీద వాలుతోంది. అతను స్విచ్ జరిపాడు.

పెట్టెలో బాంబు పేలినంత చప్పుడైంది. నిప్పురవ్వలు, కాలిన వాసన, తెల్లటి పొగ. తెర నల్లబడింది. ఆమె ఉలిక్కిపడి కాల్చిన గుండు పై అరలో ఒక గాజు తెరను బద్దలు కొట్టింది. రెండోది కాల్చే వ్యవధి దొరకలేదు. మాస్టారు భార్య స్టూలు మీంచి లేచి, చేతికందిన పాత కీబోర్డును రెండు చేతులా ఎత్తి ఆమె మణికట్టు మీద దించింది. ఆ రోజుల్లో కీబోర్డులు ఉక్కు పలకతో చేసేవారు, రెండు కిలోలకు తక్కువ తూగవు. ఎముక విరిగిన శబ్దం రిపేరుకు స్పష్టంగా వినిపించింది. పిస్తోలు నేల మీద పడింది. అతను దాని మీద పడ్డాడు. లేచి గురిపెట్టడానికి ప్రయత్నించాడు కానీ చేతులు ఎంత వణికాయంటే, చివరికి మాస్టారు భార్యే దాన్ని తీసుకుని పట్టుకుంది.

బయట తుపాకీ చప్పుడు విన్న డ్రైవర్ ట్రక్కు వెనక్కి తిప్పాడు. సందు మొదట్లో డిపార్ట్‌మెంటు జీపు అడ్డంగా నిలబడి ఉంది. ట్రాఫిక్ తక్కువగా ఉందట.

నెమలి ఫోనులో ఒకే ఒక్క ఫోటో దొరికింది. అందులో నల్లటి తెర, కాస్త పొగ తప్ప ఏమీ లేవు. పోలీసులు ఈసారి కేసును హత్యగా రాసుకున్నారు, మాస్టారు భార్య పక్కన నిలబడి ప్రతి అక్షరం చదివించుకుంది. ట్రక్కును డ్రైవర్‌తో సహా ఖాళీగానే డిపార్ట్‌మెంటు వాళ్లు తోలుకుపోయారు. యంత్రాలు షెడ్డులోనే ఉండిపోయాయి.

రిపేరు మర్నాడు రిపోర్టు రాశాడు. 'శత్రువును నిరాయుధుని చేయుటకు ఉపయోగించిన ఆయుధము' అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు 'కీబోర్డు' అని రాశాడు. వారం తిరక్కుండా స్టోర్స్ సెక్షన్ నుంచి జవాబు వచ్చింది: 'సదరు ఆయుధమునకు లైసెన్సు కలదా? లేనిచో కారణము తెలుపవలెను.'