రోజలిన్ టీచరు ఎక్కిన కెరటం

"ఎల్లాజీ అంటే మీరేనా?"

బోర్డు బోర్లించి అడుగునున్న రెక్క బిగిస్తున్న ఎల్లాజీ తలెత్తాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో కాలు దిగబడినప్పుడల్లా విసుక్కుంటూ ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"నానే. సర్ఫింగ్ నేర్చుకుంటారేటి?"

"దొంగల్ని పట్టుకోడానికొచ్చాను. నా క్లాసులో పద్నాలుగుమంది. ఇవాళ వచ్చింది ముగ్గురు. మిగతావాళ్ళెక్కడ?"

ఎల్లాజీ సముద్రం వైపు చూశాడు. కెరటం వెనక పదకొండు తలకాయలు ఒక్కసారే మునిగాయి.

అదీ రోజలిన్ అతనికి పరిచయమైన తీరు. ఆమె పట్నంలోని వన్ టౌన్ నుంచి రోజూ బస్సులో వస్తుంది. బడి మానేసి ఐస్ పెట్టెలు మోసుకునే జోడుగుళ్ళపాలెం పిల్లల చేత పదో తరగతి పరీక్ష కట్టించే సెంటర్‌లో ఆమె ఉద్యోగం. ఎల్లాజీది కూడా చేపల వేటకు పోయే ఇల్లే. ఎవరో వదిలేసిన బోర్డు మీద నేర్చుకుని, పోటీలకు పోయి, ఇప్పుడు ఆ పిల్లలకే ఊరకనే నేర్పుతున్నాడు.

పావుగంట పోట్లాడుకున్నాక ఒప్పందం కుదిరింది. ఆరింటికి కెరటాలు, ఎనిమిదింటికి క్లాసు. నిన్న క్లాసు ఎగ్గొట్టినవాడికి ఇవాళ బోర్డు లేదు.

దాంతో ఎల్లాజీకి రోజూ హాజరు పట్టీ చూసే పని పడింది.

"ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతానన్నాను కదా. ఇంత ఎండలో రావడం ఎందుకండీ?" అంది రోజలిన్ ఒకరోజు.

"ఫోన్లో సరిగ్గా అవుపించదండి."

"ఏంటి, పేర్లా?"

ఎల్లాజీ పట్టీ తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదివాడు. వెనక బెంచీ కిసుక్కుమంది.

వర్షాలు వెళ్ళిపోయే రోజుల్లో రోజలిన్ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"నెలాఖరుకి ఆడపిల్లలు కూడా చేరకపోతే సెంటర్ తగరపువలస మార్చేస్తారట. సెంటర్‌తో పాటు నేనూ వెళ్ళాలి. సీతాలు, ఇంకో నలుగురూ చదువుకోడానికి సిద్ధమే. కానీ మగపిల్లల్లాగే తమకీ సర్ఫింగ్ కావాలంటున్నారు. వాళ్ళ అమ్మలేమో ఒప్పుకోరు."

ఒప్పుకోనివాళ్ళలో అందరికన్నా ముందు నిలబడింది ఎల్లాజీ తల్లి తవిటమ్మే. చేపల బుట్ట దించి, నడుం మీద చేతులేసుకుని అడిగింది.

"మన ఆడోళ్ళు పడవే ఎక్కరు. సెక్క ఎక్కుతారేటి? అంత బాగుంటే ముందు మీ టీచరమ్మని ఎక్కమను. ఆవిడ నిలబడితే మా ఆడగుంటల్ని పంపుతాం."

మోకాలి లోతు దాటి ఏనాడూ నీళ్ళలోకి దిగని రోజలిన్ ఓసారి కెరటాలకేసి చూసింది.

"ఆదివారం. చర్చి అవగానే వస్తాను."

ఆదివారం ఒడ్డంతా జనం. ముందు ఎల్లాజీ చేసి చూపించాలి. వచ్చిన కెరటం చూసుకుని లేచాడు. సర్రున జారి పడ్డాడు. రెండోసారీ పడ్డాడు. మూడోసారి బోర్డు ఒకవైపు, మనిషి ఒకవైపు.

"ఓలమ్మో, మాస్టారే నిలబడ్డం లేదు! మన పిల్లలేటి నిలబడతారు?" అంటూ అమ్మలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఎల్లాజీ బోర్డు మీద చెయ్యి వేసి చూశాడు. కాలు పట్టు తప్పకుండా పూసిన మైనం రవ్వంత కూడా లేదు. బోర్డు అద్దంలా మెరుస్తోంది. దాని మొన దగ్గర పసుపు, కుంకుమ.

"అమ్మా, దీన్నేటి సేసినావ్?"

"ఏటి సేసినాను? నలుగురూ వత్తారని నిన్న సెక్కలన్నిటికీ ఏణ్ణీళ్ళు పోసి, పీసెట్టి తోమినాను. ఎంత మురికిరా బాబూ! కొత్త పడవకి ఎట్టినట్టు బొట్టు కూడా ఎట్టినాను."

"అది మురికి కాదే! మైనం! సెన్నై నుంచి రావాల!"

ఎల్లాజీ ఇసకలో కూలబడ్డాడు. తగరపువలస బస్సు అతని కళ్ళముందే కదిలిపోతున్నట్టుంది.

రోజలిన్ ఒక్క క్షణం ఆలోచించి, కన్నబాబు కొట్టుకేసి పరుగెత్తింది. వస్తూ రెండు కొవ్వొత్తి ప్యాకెట్లు తెచ్చింది.

"ఇదీ మైనమే కదండీ! రుద్దితే పట్టు రాదూ?"

ఎల్లాజీ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"నన్ను కాదు, బోర్డు చూడండి!"

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని రుద్దారు. తవిటమ్మ కాసేపు చూసి, "నాను తీసిందేగా, నాకూ ఒకటియ్యి" అంటూ వచ్చి కూర్చుంది.

రోజలిన్ లైఫ్ జాకెట్ బిగించుకుని బోర్డు మీద పడుకుంది. దాని అంచులు రెండు చేతులా పట్టుకుంది.

"ఎల్లాజీ, వదిలేయకండి."

"కెరటమొచ్చినప్పుడు వదిలేత్తాను. పడితే పక్కనే ఉంటాను."

కెరటం వచ్చింది. అతను తోశాడు. రోజలిన్ మోకాలి మీద లేచింది, వంగింది, నిలబడింది!

"ఇదేటిది! ఓలమ్మో, నాను నిలబడ్డాను!" వన్ టౌన్ టీచరు తన పట్నం మాటా మర్యాదా మరచి పాలెం యాసలో అరిచింది. అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడి, దభీమని పడింది.

అప్పటికే సీతాలు జాకెట్ తొడుక్కుని నీళ్ళలో ఉంది. ఏ అమ్మా వెనక్కి పిలవలేదు.

ఎల్లాజీ రోజలిన్‌ని చెయ్యి పట్టి లేపాడు. ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చినా ఆ చెయ్యి వదల్లేదు.

"మీరు తగరపువలస ఎల్లకండి."

"సెంటర్ ఇక్కడే ఉంటుందిగా ఇంక!"

"సెంటర్ గురించి కాదండి నాను అడుగుతన్నది."

రోజలిన్ మొహం మీది తడి జుట్టు తీసుకుంది. "అది మా నాన్నతో చెప్పాలి. ఆయన చాలా ప్రశ్నలు అడుగుతారు. మీరేమో రోజుకి పది మాటలు మాట్లాడరు."

ఒడ్డు మీంచి తవిటమ్మ గొంతు వినిపించింది. "ఆడికి నోరు లేదులే టీచరమ్మా! మీ నాన్నతో నాను మాటాడతాను. ఆయన ఏ సేప తింటాడు, వంజరమా, సందువానా, అదొక్కటి సెప్పు!"

రోజలిన్ ఎల్లాజీ వైపు చూసింది. తర్వాత ఒడ్డు వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"చందువా, అత్తా!"

ఆ మాటకి ఎల్లాజీ సముద్రం సంగతే మరిచాడు. చిన్నపిల్లలు దాటే చిట్టి కెరటం ఒకటి వచ్చి, సర్ఫింగ్ మాస్టారిని వెల్లకిలా పడేసింది.