పిచ్చుక కాలి కడియం

కల్నల్ ఓస్పానొవ్ తలుపు గడియ పెట్టి నేరుగా విషయానికి వచ్చాడు.

“సరిహద్దు కొండ కనుమ దగ్గర పక్షుల స్టేషన్ ఉంది. వలస పక్షులను పట్టి, కాళ్ళకు నంబరు కడియాలు వేసి వదులుతారు. ఎవరో ఆ కడియాల లోపల రహస్యాలు చెక్కి, ట్రాన్స్‌మిటర్ అతికించి పంపుతున్నారు. కొండ అవతల పిట్ట వాలగానే శత్రువులు పట్టేస్తారు. ఈసారి పోబోయేది అక్కడున్న మన ఏజెంట్ పేరు.”

ఏజెంట్ తెమిర్‌ఖాన్ కుర్చీలోంచి లేచాడు. అక్కడున్న ఏజెంట్ అతని తమ్ముడు.

“అనుమానం ఎవరిమీద సార్?”

“రౌషన్. కడియాలు వేసే పిల్ల. మనకూ పనిచేస్తోంది, వాళ్ళకూ పనిచేస్తోంది. అసలు ఎవరి మనిషో ఆ పైవాడికే తెలియాలి.”

మర్నాడు పొద్దున్నే తెమిర్‌ఖాన్ పశువుల డాక్టరు వేషంలో స్టేషన్‌లో దిగాడు. జేబులో పెన్ కెమెరా, చంకలో పిస్టల్. టీ పోసిన ముసలమ్మను కూడా అనుమానంగానే చూశాడు.

రౌషన్ అందగత్తె. ఎర్ర సిల్కు రుమాలు, గోళ్ళకు రంగు, వేళ్ళనిండా పిట్టలు పొడిచిన గాట్లు. పక్కనే విదేశీ పక్షి శాస్త్రవేత్త వెర్నర్. పొద్దుట్నుంచీ ఒక్క పిట్టనూ ముట్టుకోని శాస్త్రవేత్త!

“ఈ ఏడు గాలి త్వరగా తిరిగింది,” అంటూ వెర్నర్ ఆమె చేతిలో ఒక కడియం పెట్టాడు.

“దక్షిణం పిలుస్తోంది,” అంది రౌషన్.

కోడ్! పెన్ కెమెరా పనిచేసింది. రౌషన్ సంచిలోంచి ఒక పిచ్చుకను తీసి, చూసి, లోపల పెట్టేసింది. ఇంకోదాన్ని తీసి కడియం నొక్కింది.

“ఆగు!” తెమిర్‌ఖాన్ పిస్టల్ తీశాడు.

ఆమె గుప్పిట విప్పింది. పిచ్చుక తుర్రుమంది.

వెర్నర్ చేతులెత్తి నవ్వాడు. “ఆలస్యమైంది డాక్టరూ! ఇక మీవాడి పని అయిపోయినట్టే.”

తెమిర్‌ఖాన్ వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. పిస్టల్ రౌషన్ వైపు తిరిగింది. “వాడు నా తమ్ముడే!”

“అయ్యో, తమ్ముడా? అయితే అది దించి, అటు పాక చూరు కింద చూడన్నా.”

కడియం వేసుకున్న పిచ్చుక చూరు కింద గూటికోసం కొట్లాడుతోంది.

“కొండ దాటేది తెల్లచెంపల వలస పిచ్చుక. దీని చెంపలు మాసిపోయి లేవూ? ఇంటి పిచ్చుక. చచ్చేదాకా ఈ పాక వదలదు. నేను కాదంటే ఈయన ఇంకొకరిచేత వేయించేవాడు. పిట్టను పట్టిన మొహమైతే కదా, తేడా తెలియడానికి!”

వెర్నర్ మొహం నల్లబడింది. తెమిర్‌ఖాన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పిస్టల్ దించి, వెర్నర్‌కు బేడీలు వేశాడు.

నాలుగో రోజున కల్నల్‌కు రిపోర్టు అందింది: “వెర్నర్ మొత్తం కక్కేశాడు. పిచ్చుక ఇంకా చిక్కలేదు. ఎర వేయడానికి ఇంకో బుట్టెడు రొట్టెముక్కలు పంపగలరు.”