నిన్నటి దేవుడు నేటి ద్రోహి

శత్రువుల గుడారములు కాకులకొండ దుర్గమును నలుదిక్కుల ముట్టడించి, కోటలోని ఏనుగులు సైతము మేత కరవై ఎండుతాటాకులు నమలుచున్న ఆ మాఘమాసపు ఉదయమున, ప్రభువు ఇమ్మడి భైరవరాజు తన ముంజేతిని తానే బాకుతో కోసుకొని, నెత్తురోడుచు కొలువునకు వచ్చెను.

కారణమా? రాళ్లు రువ్వు శత్రుయంత్రములను తగులబెట్టి వత్తునని సేనాని మైలినాయకుడు సెలవడిగినాడు. అంతే. కావలసినవాడు గడప దాటెనా, భైరవరాజునకు ప్రాణము నిలువదు. నిన్న దేవుడన్న నోటనే నేడు ద్రోహి అనును. వైద్యులు పైత్యమన్నారు. పురోహితులు గ్రహదోషమని శాంతులు చేసి సంభావనలు మూటగట్టుకొన్నారు. వాడి మనసే వాడికి పగవాడని తల్లి అక్కమాంబ ఏనాడో చెప్పినది. ఆడుదాని మాట వినుటకు కొలువులో చెవులుండవలెను గదా! మంత్రి గుండనామాత్యునకు మాత్రము ఆ జబ్బు ఆనుపానులన్నీ తెలియును. దానిని మేపుకొనియే ఆయన బ్రతుకుచున్నాడు. సేనాని శత్రువుతో కలియబోవుచున్నాడని ప్రభువు చెవిలో ఊదెను.

ప్రభువు చేతి తాంబూలము అందుకొననిదే అచ్చట ఎవడును యుద్ధమునకు పోరాదు. మైలినాయకుడు చేయి చాచి నిలువగా, భైరవరాజు ఆకులను గుప్పిట నలిపెను.

"పోయినవాడవు తిరిగి వత్తువని నమ్మకమేమి, నాయకా?"

"ప్రాణముండిన నడచి వత్తును, ప్రభూ. లేకున్న మోసుకొని వత్తురు."

ప్రక్కనున్న తల్లి తాంబూలమిమ్మని కసరగా, ప్రభువు నలిగిన ఆకులనే సేనాని చేతిలో పడవేసెను.

జాము తిరుగకముందే యంత్రములు భగ్గుమన్నవి. బురుజులపై జనము కేకలు వేసిరి. మైలినాయకుడు పిడికెడు మందితో కోటవైపు మరలగా, శత్రువుల గుర్రములు వారిని తరుముకొని వచ్చెను.

"చూచితిరా ప్రభూ," అనెను గుండనామాత్యుడు, "పగవారిని వెంటబెట్టుకొని వచ్చుచున్నాడు."

భైరవరాజు కోట తలుపు తీయవద్దనెను.

మైలినాయకుడు తలుపు తట్టలేదు. బురుజులపైవారు జారవిడిచిన త్రాళ్లపై తనవారిని గోడకెక్కించి, తలుపునకు వీపానించి, ఒంటిగా పోరి కూలెను. యంత్రములు బూడిదైన శత్రువులు ముట్టడి విడిచి పోయిరి.

అప్పుడు తలుపు తెరిపించి, భైరవరాజు శవముపై పడి, నా దేవుడా యని గుండెలు బాదుకొనెను. మరుక్షణము మంత్రికి సంకెలలు వేయించెను. ఆపై ఎర్రని కన్నులు తల్లివైపు తిరిగినవి.

"నీవేగదా తాంబూలమిమ్మని కసరినది?"

అక్కమాంబ కొంగుతో సేనాని మొగముపై నెత్తురు తుడుచుచు, తలయెత్తకనే పలికెను.

"ముందు వీనిని వీరునివలె సాగనంపుము, నాయనా. నన్ను అనుమానించుటకు సాయంత్రము వరకు తీరికున్నది."