చిన్న వాల్వుకు ఆఖరి చుట్టు

ఆ అమ్మాయి వచ్చేసరికి ఉదయం ఏడున్నర. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నీలంరంగు పనిబట్టలతోనే వచ్చింది. మోచేతుల దగ్గర ముడతలు చూస్తే రాత్రి వాటితోనే పడుకున్నట్టుంది.

"పదకొండింటికి విచారణ సార్. నా లైసెన్సు తీసేస్తారు. అది పోతే పోయింది. మా అక్క తలుపు తీయడం లేదు."

అపరాధ పరిశోధకుడు కళ్ళద్దాలు తుడుచుకోవడం ఆపాడు. పోయే ఉద్యోగం కంటే తెరుచుకోని తలుపు గురించి ఎక్కువ బాధపడేవాళ్ళు ఆయన గుమ్మం ఎక్కడం అరుదు. పక్క బల్ల దగ్గర సహాయకుడు కలం మూత తీశాడు. ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. ఈయన పని చేసే తీరు చూసి, స్టూడియోకి తాళం వేసి వచ్చేశాడు.

"నాకేమీ తెలియదనుకుని చెప్పమ్మా," అన్నాడు పరిశోధకుడు.

ఆమె చెప్పింది. ఓడలు ఇన్నాళ్ళూ నల్లనూనెతో నడిచేవి. ఇప్పుడు కొత్త ఓడలు గ్యాసుతో నడుస్తున్నాయి. ఆ గ్యాసుని గడ్డకట్టించే చలిలో పెడితే నీళ్ళలా ద్రవమవుతుంది. ఒడ్డున ట్యాంకులో దాన్ని నిలవచేసి, పొడుగాటి గొట్టంతో ఓడకు ఎక్కిస్తారు. రేవులో దానికోసమే కొత్త జెట్టీ కట్టారు. వచ్చేవారం మొదటి ఓడ వస్తుంది. నిన్న చిన్న ఓడతో పరీక్ష చేశారు. వాల్వుల దగ్గర ఆపరేటరు తనే.

"పంపు ఆపాక కూడా గొట్టంలో కొంత ద్రవం మిగులుతుంది సార్. రెండు చివర్లా పెద్ద వాల్వులు మూసేస్తాం. మధ్యలో ఉన్న చిన్న వాల్వు మాత్రం తెరిచి ఉంచాలి. మిగిలింది మరిగి, ఆవిరై, పైగొట్టంలోంచి పోవాలి."

"మూసేస్తే?"

"గిన్నెకి మూతపెట్టి తాడుతో కట్టేసి పొయ్యిమీద పెట్టినట్టే."

"దానంతటది తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఉండాలి కదా?"

"ఇంకా రాలేదు సార్. అందుకే చిన్న వాల్వు తెరిచి ఉంచడం ఒక్కటే దిక్కు."

ఒంటిగంటా ఐదుకి పంపు ఆగింది. చిన్న వాల్వు తెరిచి, ఒడ్డు ట్యాంకు ఒత్తిడి అంకెలు రాయడానికి ఆమె కంట్రోల్ గదికి వెళ్ళింది. ఒంటిగంటా నలభైకి గొట్టం జాయింటు ఊడి పేలింది. గొట్టం విప్పడానికి అటు వెళుతున్న ఫిట్టరు కుడిచెయ్యి, భుజం చలికి కాలిపోయాయి. ఆ ఫిట్టరు ఎవరో కాదు, ఆమె అక్క మొగుడు.

"పేలాక చూస్తే చిన్న వాల్వు మూసి ఉంది సార్. నేను తెరవడమే మరిచిపోయానంటున్నారు మేనేజరుగారు. అక్క కూడా అదే నమ్మింది. బావ వేళ్ళు ఉంటాయో పోతాయో డాక్టరు ఇంకా చెప్పలేదు."

"నువ్వు తెరిచావా?"

"తెరిచాను."

"గట్టిగా చెప్పగలవా?"

ఆమె తన అరచెయ్యి చూసుకుంది. "చెయ్యి తిప్పిన గుర్తుంది సార్. కానీ నిన్న తిప్పిందో, శిక్షణలో వందసార్లు తిప్పిందో... ఇప్పుడు నాకే తెలియడం లేదు."

పరిశోధకుడు లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "అబద్ధం చెప్పేవాళ్ళకి తమ మీద ఇంత అనుమానం ఉండదు. పద."

*

రేవులో రెండు జెట్టీలు పక్కపక్కనే ఉన్నాయి. పాతది నూనె జెట్టీ, ఏళ్ళ తరబడి మసి పీల్చిన వంటిల్లులా నల్లగా ఉంది. కొత్తది గ్యాసు జెట్టీ, సున్నం ఆరని గోడలా తెల్లగా ఉంది. రెంటికీ మధ్య కంచె కోసం స్తంభాలు పాతారు గానీ వల ఇంకా బిగించలేదు. స్తంభాల మధ్యనుంచి ఒక కాలిబాట పడి ఉంది. నూనె జెట్టీవాళ్ళు క్యాంటీనుకి పోయే అడ్డదారి అది. చిన్న వాల్వు దానికి నాలుగడుగుల దూరంలో ఉంది.

వాల్వు చక్రం అన్నం పళ్ళెమంత ఉంది. అక్కడున్న ఇద్దరు ఫిట్టర్లను పరిశోధకుడు అడిగాడు.

"నిన్న గొట్టం పేలాక దీన్ని తెరిచిందెవరు?"

"మేమే సార్. ఎవడు బిగించాడో గానీ ఇద్దరం వేలాడినా కదల్లేదు. ఇత్తడి పిడి తెచ్చి తిప్పాల్సొచ్చింది."

"ఇనప పిడి లేదా?"

"ఇక్కడ ఇనుము వాడనివ్వరు సార్, నిప్పురవ్వలొస్తాయని. నూనెచుక్క కూడా తేనివ్వరు. మా మేనేజరు తలకి రాసుకున్నా ఊరుకోడు."

"ఆయనకి తల మీద ఏముందని ఊరుకోడానికి!" అన్నాడు రెండోవాడు.

పరిశోధకుడు నవ్వలేదు. వంగి చక్రం ఆకుల్ని అడుగువైపునుంచి చూశాడు. సహాయకుడికి వేలితో చూపించాడు. ఇత్తడి గీసిన పచ్చగీతల పక్కనే లోతైన తెల్లగీత ఒకటి ఉంది. దాని అంచున నల్లగా, జిగటగా ఏదో అంటి ఉంది. దాన్ని బొటనవేలికి రాసుకుని వాసన చూశాడు.

పరీక్షకి వచ్చిన చిన్న ఓడ ఇంకా అక్కడే ఉంది. దాని వంటవాడు అంచున కూర్చుని కత్తి నూరుతున్నాడు.

"నిన్న ఆ పైగొట్టంలోంచి ఏమైనా రావడం చూశావా?"

"చూశా సార్. తెల్లగా పొగ. పంపు చప్పుడు ఆగాక మొదలైంది. ఓ పది నిమిషాలు బాగానే వచ్చింది. తర్వాత టక్కున ఆగింది."

"మెల్లగా పలచబడి ఆగిందా?"

"లేదు సార్. నోరు మూసినట్టు ఆగింది."

అది విన్న అమ్మాయి జెట్టీ గొలుసు పట్టుకుని నిలబడిపోయింది. తను తెరిచింది. నిజంగానే తెరిచింది.

"అయితే ఎవరో మూశారు," అన్నాడు సహాయకుడు గొంతు తగ్గించి.

జెట్టీ మేనేజరు తన గదిలో ఫ్యాను కింద కూర్చుని కూడా చెమట తుడుచుకుంటున్నాడు.

"నేనా? జెట్టీ మీదే ఉన్నానండీ. పరీక్ష పూర్తయ్యేదాకా పైఅధికారి అక్కడే ఉండాలని రూలు. గొట్టం పేలగానే గుప్పున గ్యాసు వాసన కొట్టింది. వెంటనే సైరన్ మోగించాను."

"వాసన బాగా వచ్చిందా?"

"వంటింట్లో లీకయితే ఎలా వస్తుంది? అలాగే."

పరిశోధకుడు తల ఊపి బయటికి వచ్చాడు. దారిలో సహాయకుడు ఆగలేకపోయాడు. "ఆ చెమట చూశారా సార్? ఈయనే."

"చెమట పట్టినవాడల్లా నేరస్తుడైతే ఎండాకాలం ఊరంతా జైల్లో ఉండాలోయ్."

ఆఖరున నూనె జెట్టీకి వెళ్ళారు. అక్కడి మేస్త్రి అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఒళ్ళు తాటిమొద్దులా ఉంది. నడుముకి వాల్వు చక్రాలు బిగించే జానెడు ఇనప తాళం వేలాడుతోంది. ఆపరేటరమ్మాయిని చూడగానే ఎదురొచ్చాడు.

"తిన్నావా తల్లీ? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"తింటాలే బాబాయ్," అంది ఆమె. పరిశోధకుడికి చెప్పింది, "నాకు వాల్వు పట్టడం నేర్పింది ఈయనే సార్. పదహారేళ్ళప్పుడు."

"నేర్పడమేముంది? చుక్క కారనివ్వకు, తిరిగి చూడకుండా వదలకు. అంతే. ముప్పయ్యేళ్ళలో నా చేతి మీదుగా ఒక్క చుక్క సముద్రంలో పడలేదండీ."

మేస్త్రి టీ పోసి ఇచ్చాడు. ఎడంచేత్తో పోశాడు. కుడిచేతి రెండు వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది.

"చేతికేమైంది?"

"ఈ కెటిలే. మాడి చచ్చింది, అంటుకుంది."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఇక్కడే. ఇంకెక్కడుంటాను?"

పరిశోధకుడు ఆ కెటిల్ వైపు చూశాడు. దాని పిడికి మందంగా తాడు చుట్టి ఉంది. టీ తాగి, గ్లాసు బోర్లించి, వచ్చేశాడు.

*

పదకొండుకి పావుగంట ముందే అందరినీ కంట్రోల్ గదికి రప్పించాడు. ఆపరేటరమ్మాయి అప్పటికే కిటికీ పక్కన నిలబడి ఉంది. తలుపు పక్కన చేతులు కడుక్కునే తొట్టి ఉంది. పరిశోధకుడు దాని కుళాయిని దారంలా కారేట్టు వదిలి, పక్కన నిలబడ్డాడు.

మొదట విచారణాధికారి వచ్చాడు, ఫైలు చంకలో పెట్టుకుని. కుళాయి చూడలేదు. మేనేజరు వచ్చాడు, చూసి కూడా పట్టించుకోలేదు. ఫిట్టర్లు వచ్చారు. ఆసుపత్రి నుంచి అక్క వచ్చి, చెల్లెలికి దూరంగా గోడవైపు తిరిగి కూర్చుంది. ఆఖరున నూనె మేస్త్రి వచ్చాడు. గడప దాటుతూనే, ఎవరితోనో మాట్లాడుతూనే, ఎడంచెయ్యి చాపి కుళాయి కట్టేశాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఇంకో చుట్టు బిగించాడు.

పరిశోధకుడు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈ అమ్మాయి వాల్వు తెరిచింది. తెల్ల ఆవిరి పది నిమిషాలు రావడం ఓడ వంటవాడు చూశాడు. అది టక్కున ఆగిందీ అంటే మధ్యలో ఎవరో మూశారు. ఇక మేనేజరుగారూ, మీకు వాసన వచ్చిందన్నారు."

"వచ్చింది!"

"వంటగ్యాసుకి వాసన కలుపుతారండీ, లీకయితే తెలియాలని. ఇంత చల్లటి ద్రవంలో ఆ వాసనమందు కలపలేరు, గడ్డకడుతుంది. ఇక్కడి గ్యాసుకి వాసనే లేదు. అక్కడ లేని మనిషికే అది తెలియలేదు."

మేనేజరు రుమాలుతో మళ్ళీ మెడ తుడుచుకున్నాడు.

"అయితే ఈయనేనా మూసింది?" అన్నాడు అధికారి.

"కాదు. రూలు ప్రకారం ఉండాల్సిన చోట లేరు, అంతే. మూసిన చెయ్యి వేరు. ఈ జెట్టీవాళ్ళు చేత్తో మూస్తారు, ఇత్తడి తప్ప వాడరు, నూనె ముట్టరు. చక్రానికి ఇనుము గీత ఉంది, గీత పక్కన నల్లనూనె ఉంది. అడ్డదారిలో నడిచే నూనె జెట్టీవాళ్ళలో ఒకరు. నూనె పనిలో ఒకటే అలవాటు. పోయేముందు అన్నీ మూయాలి, ఆఖరి చుట్టు ఇనప తాళంతో బిగించాలి." ఆయన గొంతు తగ్గింది. "ఆ చక్రాన్ని ముందు ఉత్త చేత్తో పట్టుకున్నారు. చలికి చర్మం అంటుకుంది. చలి కూడా నిప్పులాగే బొబ్బలెక్కిస్తుంది. మేస్త్రిగారూ, తాడు చుట్టిన కెటిల్ పిడి వేళ్ళని కాల్చదు."

మేస్త్రి వేళ్ళకున్న గుడ్డ మెల్లగా విప్పాడు. చివరలు పాలిపోయి, ఉబ్బి ఉన్నాయి.

"క్యాంటీనుకి పోతున్నా," అన్నాడు. "బుస్సుమని చప్పుడు. పైన తెల్లగా లేస్తోంది. పిల్ల మూయడం మరిచిపోయిందనుకున్నా. మేనేజరు చూస్తే తిడతాడని... ఎవరికీ తెలియకుండా నేనే కట్టేసి పోయా. దాని పేరు చెడకూడదని." అక్క వైపు చూడలేక తల దించుకున్నాడు. "పేలింది విన్నాక తెలిసిందమ్మా నేనేం చేశానో. చెబుదామని రెండుసార్లు బయల్దేరా. ముప్పయ్యేళ్ళు... కాళ్ళు రాలేదు. మందలించి వదిలేస్తారులే అనుకున్నా. లైసెన్సు తీస్తారని, ఇంటి తలుపు మూస్తారని నాకు తెలియదు."

"పొద్దున్న నా మొహం చూశావు కదా బాబాయ్," అంది ఆ అమ్మాయి. అరవలేదు. ఆ మాటకి మేస్త్రి భుజాలు కుంగిపోయాయి.

సహాయకుడు ఒక మూట తెచ్చి బల్లమీద విప్పాడు. అట్టలు చుట్టి, దారం కూడా తెంపని ఎర్రబోర్డులు. 'ఈ వాల్వు మూయరాదు' అని పెద్ద అక్షరాలు.

"స్టోరు గదిలో ఉన్నాయి," అన్నాడు పరిశోధకుడు. "వచ్చి నెల. కంచెకి వల లేదు. సేఫ్టీ వాల్వు లేదు. రోజూ ఇటు నడిచే నూనె జెట్టీవాళ్ళకి ఒక్కపూట శిక్షణ లేదు. ప్రారంభం తేదీకి మాత్రం అందరూ తొందరపడ్డారు. వాల్వు మూసింది మేస్త్రిగారు. మూయకూడదని ఆయనకి చెప్పాల్సినవాళ్ళెవరో మీ ఫైల్లో రాసుకోండి."

అధికారి ఫైలు తెరిచి అమ్మాయి పేరు మీద అడ్డగీత గీశాడు. సేఫ్టీ వాల్వు, కంచె వచ్చేదాకా మొదటి ఓడ రాదన్నాడు. మేనేజరుని కూర్చోమన్నాడు, మేస్త్రిని బయట ఉండి పిలిచినప్పుడు రమ్మన్నాడు.

అక్క లేచింది. గది దాటి వచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"వేళ్ళు ఉంటాయన్నాడు డాక్టరు, ఇందాకే," అంది. "పద. మీ బావ నిన్నే అడుగుతున్నాడు," అంది.

మేస్త్రి గుమ్మం దగ్గరికి చేరాడు. ఎంత బిగించినా ఆ కుళాయి మళ్ళీ కారుతోంది, చుక్క, చుక్క. ఆయన చెయ్యి దానంతటదే లేచింది. సగందాకా వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తను వాల్వు పట్టడం నేర్పిన పిల్లని అడిగాడు.

"మూయనా తల్లీ?"

ఆ అమ్మాయి తొట్టిలో పడుతున్న చుక్కల వైపు చూసింది.

"మూయి బాబాయ్," అంది. "అవి నీళ్ళే."