తీనెకె బుక్ చేసిన ఓడ

"అమ్మకానికి పెట్టిన క్యాంపర్ బండి ఇదేనాండీ?"

గుమ్మంలో నిలబడ్డ దంపతులు ఆ మాట అడగగానే తీనెకె చేతిలోని కాఫీ కప్పు పక్కన పెట్టేసింది! అమ్మకమా? ఇరవై రెండేళ్లుగా ప్రతి వేసవీ తమను ఊళ్లూ దేశాలూ తిప్పిన ఆ ఇంటిలాంటి బండిని అమ్మడమా? అదీ తనకు తెలియకుండానా? వెనక్కి తిరిగి చూసింది. కిటికీ పక్క కుర్చీలో భర్త రైండర్ తల వంచుకుని కూర్చున్నాడు. కూతురు ఆన్నెలీస్ చటుక్కున చూపు తిప్పుకుంది. అంతే... తండ్రీ కూతుళ్లు కూడబలుక్కున్నారని అర్థమైపోయింది!

"పొరపాటు పడ్డారు. ఆ బండి అమ్మడం లేదు," అని మర్యాదగా చెప్పి తలుపు వేసింది. ఆమె మర్యాద అక్కడితో సరి.

"నాతో ఒక్క మాట అనాలనిపించలేదా రైండర్? ఒక్క మాట!"

"అంటే ఒప్పుకునేదానివా? చూపు పోయింది. లైసెన్సు ఇచ్చేశాను. ఇంకా ఆ బండి వాకిట్లో ఎందుకు తీనెకె... తడుముకుని ఏడవడానికా?"

ఆ మనిషి బాధ ఆమెకు తెలియదా! రెండేళ్లలో అతని కళ్లు మసకబారి మసకబారి, ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా ఆనడం లేదు. పేపరు చదివి వినిపించేది ఆమే, చొక్కా గుండీలు సరిచూసేది ఆమే. ఏనాడూ విసుక్కోలేదు. కానీ ఈ బండి వాకిలి దాటిందంటే ఈ మనిషి ఇక ఆ కుర్చీలోంచి లేవడు... ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు. అందుకే కన్నీళ్లు తుడుచుకోకుండానే గట్టిగా చెప్పింది.

"జూన్ నాలుగున మనం నార్వే వెళ్తున్నాం. డెన్మార్క్ దాకా రోడ్డు మీద, అక్కణ్ణించి ఓడ మీద. మూడు వారాలు. నిన్ననే బుక్ చేశాను. బండి నేను నడుపుతాను."

ఆన్నెలీస్‌కి నవ్వాగలేదు. "నువ్వా! బేకరీ దాకా కూడా ఎప్పుడూ నడపలేదు కదమ్మా దాన్ని!"

"చలికాలమంతా బండి మీ మామయ్య పశువుల కొట్టంలోనే కదా ఉంది? మంగళవారం మంగళవారం నేను పాటల సాధనకి వెళ్తున్నానని మీరనుకున్నారు. అక్కడ వెనక్కి నడపడం నేర్చుకున్నాను. మూడు నెలల్లో ఒక్క చెత్తడబ్బానే గుద్దాను! పోయిన వారం బండి తెచ్చింది మామయ్య కాదు, నేనే."

రైండర్ తలెత్తాడు. ఆన్నెలీస్ మాత్రం తగ్గలేదు. ఓడ టికెట్టు కాగితం లాక్కుని పైనుంచి కిందకి చదివింది.

"పొడవు ఆరు మీటర్ల తొంభై అయిదు అని రాశావు. మరి సైకిళ్లో?"

సైకిళ్లు! హాలండులో పుట్టినవాళ్లకి సైకిలు సామాను కాదు, కాళ్లతో సమానం. ప్రయాణానికి కాళ్లను ఎవరు లెక్కపెట్టుకుంటారు? బండి వెనకాల తగిలించే రెండు సైకిళ్లనూ ఆమె లెక్కలోకే తీసుకోలేదు!

"చూశావా! ఏడు మీటర్లు దాటితే ఓడలో పెద్ద బళ్ల వరుస, టికెట్టూ వేరే. రేవులో చివరిదాకా కొలుస్తారమ్మా. ఎక్కనివ్వకపోతే నాన్నని పెట్టుకుని అక్కడ ఏం చేస్తావు? ఇందుకే నీవల్ల కాదన్నాం!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కానీ తీనెకె ఏడుస్తూ కూర్చునే రకం కాదు. సొరుగులోంచి కొలత టేపు తీసుకుని, చినుకుల్లోనే వాకిట్లోకి నడిచింది. వెనకాల సైకిళ్లు రెండూ తగిలించింది. టేపు కొస ముందు బంపరుకి నొక్కిపెట్టి వెనక్కి వెళ్లేలోగా జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి మాత్రం జారలేదు.

ముందువైపు ఎవరో పట్టుకున్నారు. గోడ తడుముకుంటూ వచ్చిన రైండర్!

"లాగు. పట్టుకున్నాను," అన్నాడు.

ఏడు మీటర్ల డెబ్భై రెండు. చెప్పింది. అతను టేపు వదల్లేదు.

"తీనెకె... నువ్వు నడపలేవని కాదే అమ్మబోయింది. ఆ పక్క సీట్లో ఎలా కూర్చోవాలో నాకు తెలీదు. నువ్వు ఇది చూడు, అది చూడు అంటుంటే... ఏమీ కనపడకుండానే ఊఁ కొడుతూ..."

"నేను కూర్చోలేదా ఇరవై రెండేళ్లు? నాకు నేర్పింది ఎవరు? ఇక్కడ ఆపు రైండర్, ఆ సరస్సు దగ్గర ఆపు రైండర్ అని అడుగుతూనే ఉన్నాను. చీకటి పడేలోగా చేరాలనేవాడివి!"

"ఎప్పుడూ ఆపలేదా?"

"ఒకసారి ఆపావు. డీజిల్ కోసం."

రైండర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, నీళ్లొచ్చాయి. అన్నేళ్లూ తన పక్కన ఒక మనిషి ప్రతి మలుపులోనూ ఒక చిన్న కోరికను దిగమింగుకుంటూ కూర్చుందని ఇవాళ, చూపు పోయాక తెలిసింది! టేపు వెంబడే నడుచుకుంటూ వచ్చి ఆమె తడి చెయ్యి పట్టుకున్నాడు.

"గుర్తున్నాయా ఆ చోట్లు?"

"గుర్తెందుకు? పటం పుస్తకంలో పెన్సిలుతో సున్నా చుట్టాను. ఆపకుండా దాటేసినప్పుడల్లా ఒకటి."

"ఎన్నున్నాయి?"

"నార్వేలోనే నలభై మూడు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న ఆన్నెలీస్ కళ్లు తుడుచుకుంటూ గొడుగు పట్టుకొచ్చింది. "అమ్మా... ఓడ వాళ్లకి ఫోన్ కలిపాను. పొడవు ఎంతని చెప్పను?"

"ఏడు డెబ్భై రెండు. జూన్ నాలుగున పెద్ద బళ్లకి చోటు లేకపోతే అయిదున అడుగు, ఆరున అడుగు. వెళ్లడం మాత్రం ఖాయం!" అంది తీనెకె.

రైండర్ కూతురి గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపాడు. "ఫోన్ ఇలా ఇవ్వమ్మా. తిరిగొచ్చే ఓడ నేను మాట్లాడతాను. నలభై మూడు చోట్ల ఆగాలంటే మూడు వారాలు ఏం సరిపోతాయి?"